కోత పండుగకు ప్రథమ ఫలాలు: ధాన్యం గది కోసం సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువు నామమున సంఘ సభ్యులందరికీ, హైదరాబాదులో, భీవండిలో ఉంటున్న మన బిడ్డలకూ వందనాలు.

డిసెంబర్ 7, ఆదివారం కోత పండుగ. ఏటా ఈపాటికి కానుకల పుస్తకంలో సగం పేర్లు నిండేవి. ఈసారి ఇంకా మొదటి పేజీ దాటలేదు. మొంథా తుఫానుకు కల్లాల్లో వడ్లు తడిసి మొలకెత్తిన సంగతి, పత్తి చేన్లోనే నల్లబడిన సంగతి కమిటీకి తెలుసు. నష్టపోయిన ఇంటి గడప ఎవరూ తొక్కరు. పంట చేతికొచ్చినవాళ్లనూ, నెలనెలా జీతం అందుకునేవాళ్లనే అడుగుతున్నాం.

కోతలో మొదటి పన యాజకుడి దగ్గరికి చేరేదాకా కొత్త పంటతో రొట్టె గానీ, పేలాలు గానీ, పచ్చి వెన్నులు గానీ తినకూడదని లేవీయకాండము 23లో ఉంది. ఆ ప్రథమ ఫలాలను, అంటే పంటలో మొదటి భాగాన్ని, గంపలో పెట్టి తేవాలని, తెచ్చినాక లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషించాలని ద్వితీయోపదేశకాండము 26 చెబుతుంది. దశమభాగానికి పదో వంతని లెక్కుంది. ఒక్కో ఇంటివాళ్లు తెచ్చే ప్రథమ ఫలానికి ఆ అధ్యాయాల్లో ఇంత అని కొలత లేదు, వరుస ఉంది: ముందు దేవునికి, తర్వాతే ఇంటికి. కొలత లేదు కదా అని తాలు వడ్లు మోసుకొచ్చినవాళ్లూ ఉన్నారు, పేర్లెందుకు.

మన దగ్గర ఆ వరుస తప్పేది కాంటా దగ్గర. వడ్లన్నీ ఐకేపీ సెంటర్లో, అంటే సర్కారు వడ్లు కొనే చోట, పోస్తాం. డబ్బులు ఖాతాలో పడగానే పంట అప్పు, ఎరువుల దుకాణం బాకీ, హార్వెస్టర్ కిరాయి. అన్నీ పోయాక చర్చికి వంద నోటు. అందుకే కుప్ప కల్లంలో ఉండగానే, కాంటా పెట్టకముందే ఒక బస్తా పక్కకు తీసి మూతి కుట్టండి. 2025-26 ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 లెక్కన 40 కిలోల బస్తా విలువ 955 రూపాయల చిల్లర. ఉద్యోగస్తులు జీతం పడిన రోజే, ఈఎంఐ కట్ కాకముందే కవరు కట్టాలి. నెలాఖరున చూద్దామంటే మిగిలేదేమీ ఉండదు.

తెచ్చే వడ్లు ఆరినవై ఉండాలి. నాలుగు గింజలు కొరికితే పటుక్కుమనాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టే. తేమ 17 శాతం దాటితే సెంటర్లో తీసుకోరు. ఇక్కడ మొహమాటానికి తీసుకుంటాం. పోయినేడు వెస్ట్రీ గదిలో నేల మీద పేర్చిన బస్తాల్లో కింది వరుస చెమ్మ పీల్చి ముక్కిపోయింది, పైవాటిని ఎలుకలు కొరికాయి. కానుకలకు పెట్టే వేలంపాటలో వాటికి సగం ధర కూడా పలకలేదు. దేవునికి మొదటిదని ఇచ్చిన పంట అలా పోయింది.

కార్యదర్శి గారు ధాన్యం గది, ధాన్యం గది అని ఎన్నాళ్లుగానో అంటున్నది ఇందుకే. మిగతా పనులన్నీ ఈ గది వెనక్కి పోయాయన్న మాటా నిజమే. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పునాది నేలకు రెండడుగుల ఎత్తు లేపాలి. గచ్చు కింద మందపాటి పాలిథిన్ షీటు పరిస్తే తడి పైకి రాదు. బస్తాలు చెక్క పలకల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పెడతాం. అప్పుడే గాలి ఆడుతుంది, ఎలుక తిరిగినా కనబడుతుంది. కిటికీకి ఇనుప జాలి, తలుపు అడుగున రేకు పట్టీ. పైకి రేకులు చవక అని కొందరన్నారు. రాత్రి చల్లబడ్డప్పుడు రేకు లోపలివైపు చెమర్చి నీటి బొట్లు బస్తాల మీదే పడతాయి, అందుకే స్లాబు.

అంచనా 2 లక్షల 40 వేలు, చేతిలో ఉన్నది లక్షకు కొంచెం పైన. మందిరం స్లాబు లీకేజీ, మైకు సెట్టు, విధవరాండ్రకు క్రిస్మస్ చీరలు కూడా ఇందులోంచే సర్దాలి. లెక్కలు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు. 10వ తేదీలోపు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వాలి. యాసంగి నాట్లు మొదలైతే కూలీలు దొరకరు.

ఆదివారం ఆదివారం ఎవరికి వారు కొంత తీసిపెట్టుకోండి, నేను వచ్చినప్పుడు చందాలు పోగుచేసే పని ఉండకూడదని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మాట పాటించి ఉంటే ఈ కాగితం రాసే పనే పడేది కాదు. సణుగుతూ ఇవ్వొద్దన్నదీ ఆయనే, కాబట్టి బలవంతం లేదు. అయినా మన అమ్మమ్మలు పూటపూటకూ తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో గోడలు లేచిన మందిరం ఇది. ఇంటి ముందు కారున్నవాళ్లు కాస్త ఆలోచించాలి.

వడ్లు, మొక్కజొన్న, మిర్చి 6వ తేదీ శనివారం పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తీసుకుంటాం. దేనికది వేరే సంచిలో, పేరు చీటీ కట్టి తేవాలి. పత్తిని కొవ్వొత్తులకు దూరంగా బయటి వరండాలోనే పెట్టాలి. కోళ్లకు కాళ్లు కట్టి తెండి. నగదైనా, ధాన్యమైనా రశీదు అడిగి తీసుకోండి. పోయినేటి వేలంపాట బాకీ ఉన్నవాళ్లు అది కట్టాకే ఈసారి పాట పాడాలి.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ