మీ నాన్న గురక, మధ్యలో ఆగే ఊపిరి

చిన్నీ,

మొన్న ఫోన్లో "వయసొచ్చింది కదమ్మా, ఆ మాత్రం గురక ఉంటుందిలే" అని తేల్చేశావు. మీ నాన్న పక్కనే కూర్చుని వింటున్నారు కాబట్టి నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆయన బజారుకెళ్లారు, తీరిగ్గా రాస్తున్నా. నువ్వన్నదాంట్లో కొంత నిజముంది, కొంత లేదు. ఏది వయసు, ఏది జబ్బు అన్నది విడదీసి చూసుకోకపోతే అక్కర్లేని చోట టెన్షన్ పడి, పడాల్సిన చోట నిమ్మళంగా ఉంటాం.

నన్ను భయపెట్టింది గురక కాదురా, గురక ఆగిపోవడం. పక్క గదిలోకి వినిపించే గురక ఉన్నట్టుండి ఆగుతుంది. హమ్మయ్య అనుకుని చూస్తే పొట్ట, ఛాతీ ఎగిరెగిరి పడుతూనే ఉంటాయి గానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. కాసేపటికి గుర్రుమని పెద్ద శబ్దం, ఒళ్లంతా ఒక కుదుపు, మళ్లీ గురక మొదలు. పొద్దున్న అడిగితే "నేను హాయిగా పడుకున్నానే" అంటారు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే తెలీదు. అందుకే ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించాను, ఆయన అది పూర్తిగా చూడకుండానే స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరి ఎలా నడుస్తోందో చూసే పరీక్ష, రాసేశారు.

రిటైరైనా బయాలజీ టీచరు బుద్ధి పోదుగా, కాస్త విను. మెలకువలో ఊపిరికి చాలా ఆసరాలుంటాయి, అసలు మెలకువే ఒక ఆసరా. నిద్రపట్టగానే అవి పోయి భారమంతా మెదడు అడుగున ఉండే మెడుల్లా మీద పడుతుంది. అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూసుకుంటూ ఊపిరి తీయిస్తుంది. మెడలో ఉండే కెరోటిడ్ బాడీలు ఆక్సిజన్ తగ్గితే కబురు పంపుతాయి. నిద్రలో కార్బన్ డయాక్సైడ్ ఒక గీత కిందికి దిగిందంటే, ఇప్పుడు అవసరం లేదులే అని మెడుల్లా ఊరుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. పెద్దవయసులో గాఢనిద్ర తగ్గి, నిద్ర మాటిమాటికీ తెగుతుంటుంది. తెగినప్పుడల్లా రెండు మూడు పెద్ద ఊపిరులు తీస్తాం, దాంతో కార్బన్ డయాక్సైడ్ దిగిపోతుంది, ఆ దిగిన స్థితిలోనే మళ్లీ కునుకు పడితే కాసేపు ఊపిరి ఉండదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కూడా ఇది అంతో ఇంతో ఉంటుంది. నువ్వన్న వయసు ఇదీ.

మీ నాన్నది ఎక్కువగా గొంతు దగ్గర వ్యవహారం. నాలుక వెనక భాగంలో గొంతుని తెరిచి ఉంచేది ఎముక కాదు, కండరాలు. గాలి లోపలికి పీల్చేటప్పుడు ఆ దారి ముడుచుకోబోతే నాలుక కండరం వెంటనే బిగుసుకుని అడ్డుకోవాలి. వయసు పెరిగేకొద్దీ అది తొందరగా స్పందించదు, దానికి తోడు గొంతు చుట్టూ కొవ్వు చేరుతుంది. దారి మూసుకుపోతుంది, ఛాతీ పాపం లాగుతూనే ఉంటుంది. చివరికి ఆక్సిజన్ పడిపోయి మెదడు ఉలిక్కిపడి లేస్తే గానీ దారి తెరుచుకోదు. ఆ లేవడమే ఆయన్ని కాపాడుతోంది, రాత్రంతా నిద్ర పాడుచేస్తున్నదీ అదే.

స్లీప్ స్టడీలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 దాకా అయితే పట్టించుకోరు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ఈయనది మధ్యరకంలో వచ్చింది. ఇన్ని బీపీ బిళ్లలు వేసుకుంటున్నా పొద్దున్నే బీపీ ఎందుకు దిగట్లేదో అప్పుడర్థమైంది. రాత్రి అన్నిసార్లు బాత్‌రూమ్‌కి లేవడం ప్రోస్టేట్ అనే అందరూ అన్నారు కదా, డాక్టరు ఇంకోటి చెప్పారు. మూసుకున్న గొంతుతో ఛాతీ గట్టిగా లాగినప్పుడు గుండె గదులు సాగుతాయట, గుండె ఒంట్లో నీళ్లెక్కువయ్యాయనుకుని మూత్రం పెంచే హార్మోన్ వదులుతుందట. నాకైతే ఈ ముక్క భలే నచ్చింది.

గుండెకి ఎకో కూడా తీయించాం, కంగారుపడకు, బాగానే ఉంది. రిపోర్టులో ఛాతీ కూడా కదలకుండా ఊపిరి ఆగినవి కొన్ని కనిపించాయి కాబట్టి తీయించమన్నారు. గుండె బలహీనపడ్డవాళ్లలో ఊపిరి పెరిగి పెరిగి, తగ్గి తగ్గి, ఆగి, మళ్లీ మొదలవుతుంది. డబ్లిన్‌లో పనిచేసిన చేన్ అనే డాక్టరు 1818లో, స్టోక్స్ అనే ఆయన 1854లో దీని గురించి రాశారు, ఇప్పటికీ వాళ్లిద్దరి పేరే దానికి. మన డాబా మీద ట్యాంకు నిండిందని పైనుంచి కేకేస్తే, కింద మోటారు కట్టేవాడికి ఆలస్యంగా వినపడి నీళ్లు పొర్లిపోతాయి చూడు, అలాంటిదే. రక్తం నెమ్మదిగా నడిస్తే ఊపిరితిత్తుల్లో సంగతి మెదడుకి ఆలస్యంగా చేరుతుంది, అది ఎప్పుడూ పాత కబురు మీదే పనిచేస్తుంటుంది.

ఇక ఆయన రాత్రిళ్లు పెట్టుకుంటున్న మిషన్. సీపాప్ అంటారు. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు కనిపెట్టారు, 1981లో బయటికొచ్చింది. మన చుట్టాల్లో అప్పుడే "బావగారికి ఆక్సిజన్ పెట్టారంట" అని పాకింది. కోవిడ్ తర్వాత మాస్కు, గొట్టం కనబడితే చాలు జనానికి అదే గుర్తొస్తుంది. నీకు ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పు, అది ఆక్సిజన్ కాదు, గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది, అంతే. గాలికి తేమ ఇచ్చే నీళ్ల డబ్బా దానికుంటుంది, అందులో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్‌కి కలిపించాను.

ఒక్కటే గొడవ, మీసం. ఆ గుబురు మీసం మీద మాస్కు కూర్చోక పక్కల నుంచి గాలి తన్నేస్తోంది, రాత్రంతా బుస్సుబుస్సు. కాస్త కత్తిరించుకోండి అంటే నాతో మాట్లాడటం మానేశారు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం ఉందట, దాని రేటు కనుక్కో.

ఇంకోటి, నిద్ర పట్టట్లేదని మీ నాన్న ఎవరి మాటో విని ఆల్ప్రాజోలం అనే మత్తు బిళ్ల అరముక్క వేసుకుంటున్నారు, షాపువాడు చీటీ కూడా అడగకుండా ఇచ్చేశాడు. ఇలాంటి ఊపిరి ఉన్నవాళ్లకి మత్తు బిళ్ల మంచిది కాదు, గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది, లేవాల్సిన మెదడుని లేవనివ్వదు. రాత్రి పూట మందు తాగినా అంతే, ఇది నీక్కూడా చెబుతున్నా. ఆ బిళ్లల సంగతి డాక్టరుకి చెప్పాం, ఒక్కసారిగా ఆపకుండా ఎలా తగ్గించాలో రాసిచ్చారు. వెల్లకిలా పడుకోకుండా వీపు వెనక దిండు పెడుతున్నాను.

నన్నూ ఒకసారి చూపించుకోమన్నారు. నెలసరి ఆగాక ఊపిరిని ఎగదోసే ప్రొజెస్టిరాన్ తగ్గిపోతుంది, ఆడవాళ్లలో ఈ జబ్బు అప్పుడే పెరుగుతుంది, కానీ మా గురక గురించి ఎవరూ పైకి అనరు, మేమూ ఒప్పుకోం. ఉగాది వెళ్లాక వెళ్తాను.

నీ సంగతేంటి మరి? పోయినసారి వచ్చినప్పుడు హాల్లో పడుకుని నువ్వు పెట్టిన గురక అచ్చం మీ నాన్నదే. కాలరు సైజు కూడా పెరిగిందని నువ్వే అన్నావు, మెడ లావెక్కితే గొంతు మీద పడే బరువూ పెరుగుతుంది. నీకింకా నలభై నిండలేదు కాబట్టి వయసు మీదికి తోయడానికి లేదు. కోడలిని ఒక రాత్రి వీడియో తీసి నాకు పంపమను, నీకు కాదు, నువ్వు డిలీట్ చేసేస్తావు. మధ్యలో ఆగుతోందో లేదో చూసి చెబుతాను.

మీ నాన్న స్కూటర్ చప్పుడు వినిపిస్తోంది. మాస్కు రేటు మర్చిపోకు.

అమ్మ