మాత్రల వల్ల వచ్చే లావుకి తిండిపోతని పేరు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆరోగ్య పేజీలో బరువు తగ్గడం మీద వ్యాసం చదివాను. తక్కువ తినండి, ఎక్కువ నడవండి, అంతే. తప్పని అనను గానీ, మానసిక జబ్బులకు మందులు వాడుతూ లావైపోయేవాళ్ల ఊసు అందులో ఒక్క వాక్యం కూడా లేదు. మా చెల్లి కొన్నేళ్లుగా ఒలాంజపైన్ అనే మాత్ర (లేని గొంతులు వినపడటం లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకి ఇచ్చే మందుల్లో ఒకటి) వాడుతోంది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. మందు మొదలుపెట్టాక తనకి పట్టుకున్నది మామూలు ఆకలి కాదు. తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే మళ్లీ ఏముందా అని వెతుక్కునేది. చెవిలో వినపడే గొంతులు ఆగాయి, రాత్రి నిద్ర పడుతోంది, మళ్లీ మాతో కూర్చుని నవ్వుతోంది, ఇవేవీ చుట్టాలకు కనపడవు, "కాస్త నోరు కట్టుకోవచ్చుగా" అని మాత్రం అందరూ అంటారు.

ఒలాంజపైన్ లాంటి ఈ మందులు మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని అక్కడితో ఆగవు. హిస్టమిన్, సెరటోనిన్ అనే ఇంకో రెండు రసాయనాలు పనిచేసే చోట్లలో కొన్నిటిని కూడా మూసేస్తాయి, దాంతో కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు. అన్ని మందులూ ఒకలాంటివి కావు. క్లోజపైన్, ఒలాంజపైన్ బరువుని ఎక్కువ పెంచుతాయి, రిస్పెరిడోన్, క్వెటియాపైన్ మధ్యస్థంగా, అరిపిప్రజోల్ తక్కువగా. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2005లో వచ్చాయి, అందులో ఒలాంజపైన్ వాడినవాళ్లలో 30 శాతం మందికి తమ బరువులో 7 శాతం లేదా అంతకు మించి పెరిగింది. ఇంతమందికి ఒకేసారి నోటి మీద అదుపు తప్పిందంటారా?

ఇక పేగుల్లోని బ్యాక్టీరియా సంగతి. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకలకు ఒలాంజపైన్ ఇస్తే బరువు పెరగలేదు, వాటి పేగుల్లోకి బ్యాక్టీరియాని చేర్చాక పెరిగింది. ఇది 2014లో అచ్చయిన ప్రయోగం. అంతకుముందే వేరే పరిశోధకులు మందుతో పాటు యాంటీబయాటిక్స్ కూడా ఇచ్చి చూస్తే ఎలుకల్లో బరువు పెరగడం తగ్గింది. ఇంకో ప్రయోగంలో రిస్పెరిడోన్ ఇచ్చిన ఎలుకల మలంలోని సూక్ష్మజీవుల్ని మందే ముట్టని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికీ బరువు పెరిగింది, కారణం అవి ఎక్కువ తినడం కాదు, ఒళ్లు ఖర్చుచేసే శక్తి తగ్గడం. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా మందుల్ని 40 రకాల పేగు బ్యాక్టీరియా మీద పరీక్షించారు. యాంటీబయాటిక్స్ కాని మామూలు మందుల్లోనే దాదాపు నాలుగోవంతు ఏదో ఒక బ్యాక్టీరియా ఎదుగుదలని ఆపాయి, సైకియాట్రీ మందులు ఆ జాబితాలో కొట్టొచ్చినట్టు కనపడ్డాయి.

అయితే ఎలుక ఎలుకే. మనుషుల్లో మందు వల్ల ఆకలి పెరిగి, తినేది మారి, ఆ తిండి వల్ల బ్యాక్టీరియా మారిందా, లేక బ్యాక్టీరియా మారడం వల్లే బరువు పెరిగిందా అన్నది విడదీయడం కష్టం, పైగా ఈ మందులు చాలామందికి మలబద్ధకం తెస్తాయి, దానివల్ల కూడా పేగుల్లో పరిస్థితి మారుతుంది. ప్రోబయోటిక్స్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మందులు) ఇచ్చి చూసిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. "పేగులు శుభ్రం చేస్తే మందుల లావు ఇట్టే దిగిపోతుంది" అని డబ్బాలు అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీచు ఎక్కువున్న తిండి పెట్టండి, మలబద్ధకానికైనా మంచిది, అంతవరకే.

అసలు జరగాల్సింది చాలా చిన్న పని, అదే జరగడం లేదు. మందు మొదలుపెట్టేముందు బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపున షుగర్, కొలెస్ట్రాల్ చూడాలని, తర్వాత 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి బరువు చూస్తూ ఉండాలని అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి 2004లోనే చెప్పాయి. మేం వెళ్లే చోట మొదటి ఏడాది మా చెల్లిని ఎవరూ కాటా ఎక్కించలేదు, అడిగితే "ముందు జబ్బు తగ్గనివ్వండమ్మా" అన్నారు. మొదటి నెలలోనే గబగబా పెరిగేవాళ్లకు తర్వాత కూడా బాగా పెరిగే అవకాశం ఎక్కువ, అంటే పట్టుకోవాల్సింది అప్పుడే కదా. అప్పుడైతే మందు మార్చొచ్చేమో చూస్తారు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కలిపి ఇస్తారు, దానివల్ల కొంత మేలు జరుగుతుందని పరీక్షల్లో తేలింది కూడా. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, వాళ్లలో చాలామందిని తీసుకెళ్లేది గుండె జబ్బుల వంటి ఒంటి జబ్బులే.

ఇది చదివి భయపడి ఎవరూ మాత్రలు తమంతట తాము ఆపేయొద్దు, జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికి వస్తుంది. డాక్టర్ని అడగండి, గట్టిగా అడగండి.

మీకు నా విన్నపం ఒకటే, ఈ విషయం మీద ఒక సైకియాట్రిస్ట్ చేత వ్యాసం రాయించండి. వేసేటప్పుడు దాని పక్కన తల కనపడకుండా పొట్ట ఒక్కటే చూపించే ఆ ఫొటో మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు