ల్యాబ్‌కు మనిషినివ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

వర్సిటీల్లో ఖాళీల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల మీద ప్రకటనలైనా వస్తున్నాయి. కెమిస్ట్రీ ల్యాబ్ టెక్నీషియన్, స్టోర్ కీపర్, అటెండర్ల ఊసే ఎవరూ ఎత్తరు. ఒకరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉండిపోతోంది. వినతిపత్రం ఇచ్చాం, మళ్లీ ఇచ్చాం. "పరిశీలనలో ఉంది" అన్న మాట దాటి ఒక్క అడుగు పడలేదు.

టెక్నీషియన్ లేకపోతే ఏమవుతుందో ఒక్క ప్రాక్టికల్‌తో చెబుతాం. ముప్ఫై మంది బ్యాచ్‌కు తలా 100 మిల్లీలీటర్ల చొప్పున 0.1 నార్మల్ గాఢత ఉన్న పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం 3 లీటర్లు కావాలి. 9.5 గ్రాములు తూచి నీళ్లలో కలిపేస్తే పని అయిపోదు. మరిగించాలి, లేదంటే రెండు మూడు రోజులు చీకట్లో ఉంచాలి. తర్వాత గ్లాస్ ఊల్‌లో వడకట్టాలి. ఫిల్టర్ పేపర్ వాడితే ఆ కాగితమే పర్మాంగనేట్‌ను పాడుచేస్తుంది. అంటే సోమవారం ప్రాక్టికల్‌కు శుక్రవారమే ఒకరు పని మొదలుపెట్టాలి. ఆ ఒకరు లేరు. పొద్దున కలిపిన ద్రావణం మధ్యాహ్నం బ్యూరెట్లలోకి (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టాల్లోకి) వెళుతోంది. వడకట్టక అందులో మిగిలిన మాంగనీస్ డయాక్సైడ్ నలుసులే మిగతా పర్మాంగనేట్‌ను విరిచేస్తాయి, గాఢత రోజురోజుకూ పడిపోతుంది. ఈ వారం బ్యాచ్‌కు వచ్చిన రీడింగ్ వచ్చే వారం బ్యాచ్‌కు రాదు. పిల్లలు తమ చెయ్యే సరిగా లేదనుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదండీ.

డిస్టిల్డ్ వాటర్ ప్లాంట్ చూసే మనిషి లేక బోరునీళ్లు వాడిన రోజున, సిల్వర్ నైట్రేట్ వేయగానే సాల్ట్ ఏదీ కలపని ఉత్త నీళ్ల టెస్ట్‌ట్యూబులో కూడా తెల్లటి అవక్షేపం వస్తుంది. నీళ్లలోని క్లోరైడ్ చేసే పని అది. అలాంటప్పుడు ఇచ్చిన సాల్ట్‌లో ఏముందో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్ చేయించి లాభమేమిటి?

ఇక పరికరాలు. మిశ్రమంలోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు ద్రావణం) నడిపాక ముందు నీళ్లతో, తర్వాతే మెథనాల్‌తో కడగాలి. ఈ వరుస తప్పితే ఉప్పు గడ్డకట్టి పంపు సీళ్లు చెడిపోతాయి. అణువుల నిర్మాణం తెలిపే ఎన్ఎంఆర్ యంత్రపు అయస్కాంతాన్ని చల్లగా ఉంచడానికి లిక్విడ్ నైట్రోజన్ వారం పది రోజులకోసారి నింపాలి, హీలియం మట్టం చూస్తూ ఉండాలి. హీలియం తగ్గి అయస్కాంతం క్వెంచ్ అయిందంటే, అంటే ఒక్కసారిగా వేడెక్కిందంటే, ఉన్న హీలియమంతా నిమిషాల్లో ఆవిరైపోతుంది. సెలవులని ఆ యంత్రం ఆగదు. కోట్లు పోసి కొన్నదానికి జీతమిచ్చి ఒక్క మనిషిని పెట్టకపోవడం ఏ లెక్కన పొదుపు?

ఈ పనులన్నీ ఇప్పుడు పీహెచ్‌డీ స్కాలర్ల మీద పడుతున్నాయి. ఫెలోషిప్ కాలం ల్యాబ్ సరుకుల ఇండెంట్లు రాయడంలో, సీసాలు కడగడంలో కరిగిపోతోంది. పరిశోధనను నడిపించే గైడ్‌ను అడుగుదామంటే గైడ్లే తక్కువ. యూజీసీ నిబంధనల ప్రకారం పూర్తికాల రెగ్యులర్ అధ్యాపకులే గైడ్‌గా ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు, అసోసియేట్‌కు ఆరుగురు, ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది స్కాలర్లే పరిమితి. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఏళ్లుగా పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులకు గైడ్‌షిప్ లేదు. వారానికి 16 గంటలు తరగతిలో చెప్పాల్సిన అసిస్టెంట్ ప్రొఫెసరే ఇక్కడ స్టోర్ తాళాలూ మోస్తున్నారు.

ఔట్‌సోర్సింగ్‌లో పంపుతున్నామంటారు. పంపినవాళ్లకు ఏ యాసిడ్ దేనిపక్కన పెట్టకూడదో నేర్పేలోపు ఏజెన్సీ మారుతోంది, మనిషి మారుతున్నాడు. గాఢ నైట్రిక్ యాసిడ్ సీసాను అసిటోన్ సీసాల పక్కన సర్దిన రోజు ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత?

అయ్యా, అధ్యాపకుల భర్తీ తప్పకుండా చేయండి. దాంతోపాటు ల్యాబ్ పోస్టులకూ ఆర్థికశాఖ అనుమతి ఇప్పించండి. సైన్సు విభాగానికి ఒక టెక్నీషియన్, ఒక స్టోర్ కీపర్, రెగ్యులర్‌గా. పరికరాల నిర్వహణకు విడిగా నిధులు. ఇవి పెద్ద కోరికలు కావు. వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోగా, కనీసం ద్రావణాలు కలిపే ఆ ఒక్క మనిషినైనా ఇవ్వండి.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు