కొలతలు తీసుకోని సన్మానం

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు నెలాఖరున మా పట్టణంలో రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొన్న మహిళల గౌరవార్థం జరిగిన ఫ్యాషన్ ప్రదర్శన గురించి మీ జిల్లా సంచికలో వచ్చిన వార్త చదివి పది రోజులు దాటింది. ఆవేశంలో రాస్తే మాట తూలుతుందని ఇన్నాళ్ళూ ఆగాను. ఆగినా బాధ తగ్గలేదు. ఆ వేదిక మీద నడిచిన పన్నెండు మందిలో నేనూ ఒకదాన్ని. ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. ఆరేళ్ళ కిందట, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, నాకు ఎడమ రొమ్ము తొలగించి, చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు.

మీ వార్తలో ముఖ్య అతిథి పేరు నాలుగు సార్లు, దుస్తులిచ్చిన దుకాణం పేరు మూడు సార్లు వచ్చాయి. మేము ఆత్మవిశ్వాసంతో మెరిసిపోయామని ఒక వాక్యం ఉంది. మేము ఏమి వేసుకున్నామో, అవి మా ఒంటికి ఎలా ఉన్నాయో ఒక్క మాట లేదు. దుస్తుల ప్రదర్శనకు వచ్చిన విలేఖరి దుస్తుల గురించి ఎవరినీ అడగలేదు గనుక ఆ సంగతి నేనే రాస్తున్నాను.

మా కొలతలు ఎవరూ తీసుకోలేదు. మూడు రోజుల ముందు ఫోన్ చేసి, ‘మీడియమా, లార్జా అమ్మా?’ అని అడిగారు, అంతే. నాకు వచ్చిన గౌనుకు వీపున జిప్పు ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి మడవడం శస్త్రచికిత్స అయినప్పటి నుంచి నాకు సరిగా రాదు. సాయానికి వచ్చిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, పాపం, చెరో పక్కన నిలబడి జిప్పు లాగారు. ఎడమ వైపు గుడ్డ లోపలికి పోయి ముడతలు పడితే, ఎవరిదో చున్నీ మడిచి లోపల పెట్టి పిన్నీసు గుచ్చారు. నా పక్కనున్న ఆమెకు మణికట్టు దాకా జరీ పని చేసిన బిగుతు చేతుల జాకెట్టు ఇచ్చారు. గ్రంథులు తీసేసిన చేతికి నీరు పట్టి వాచే ప్రమాదం జీవితాంతం ఉంటుందనీ, ఆ చేతికి బిగుతైనవేవీ వేసుకోవద్దనీ ఆస్పత్రిలో మా అందరికీ చెప్పి పంపుతారు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేసరికి ఆమె చేతి మీద కుట్ల అచ్చులు ఎర్రగా తేలాయి. కీమో ఇంకా నడుస్తున్న ఒకామె తలకు సిల్కు గుడ్డ చుట్టారు. జుట్టు లేని తల మీద సిల్కు నిలవదు, నూలు గుడ్డే నిలుస్తుంది. ఆమెను అడిగి ఉంటే ఆమే చెప్పేది. వేదిక మధ్యకు వచ్చేసరికి అది జారింది. కుడి చెయ్యెత్తి దాన్ని పట్టుకుని ఆమె మిగిలిన దూరం నడిచింది. మీరు ఆ ఫొటోనే వేసి, కింద ‘ప్రేక్షకులకు అభివాదం చేస్తున్న విజేత’ అని రాశారు. ఆమె చేసింది అభివాదం కాదు. ఇంకా ఆరు వారాలకు ఒకసారి స్కానుకు, మూడు వారాలకు ఒకసారి మందుకు వెళ్ళి వస్తున్న మనిషిని విజేత అనడం కూడా, భాష చెప్పి బతికినదాన్ని గనుక, నాకు మింగుడు పడలేదు.

ప్రదర్శన అయ్యాక దుస్తులన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. మాకు తలా ఒక శాలువా, ఒక జ్ఞాపిక మిగిలాయి.

ఫ్యాషన్ రంగానికి మమ్మల్ని గౌరవించడం చేతకాదని నేను అనడం లేదు. అమెరికాలో 1990లో నీనా హైడ్ అనే ఫ్యాషన్ పాత్రికేయురాలు రొమ్ము క్యాన్సర్‌తో మరణించారు. ఆమె స్మృతే ప్రేరణగా డిజైనర్ రాల్ఫ్ లారెన్ పూనుకోగా, అక్కడి డిజైనర్ల మండలి 1994లో ఈ వ్యాధిపై పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. బార్బీ బొమ్మను సృష్టించిన రూత్ హాండ్లర్‌కు 1970లో రొమ్ము తొలగించారు. అప్పట్లో దొరికే కృత్రిమ రొమ్ములు ఆమెకు ఏ మాత్రం నచ్చలేదు. చెప్పులకు ఉన్నట్టే ఎడమకూ కుడికీ తేడా ఉండాలని పట్టుబట్టి, తానే కొత్తవి తయారు చేయించి ‘నియర్లీ మీ’ పేరుతో అమ్మారు. తల్లి లిండా 1998లో ఇదే జబ్బుతో పోయిన స్టెల్లా మెక్‌కార్ట్‌నీ, శస్త్రచికిత్స అయినవారి కోసం ప్రత్యేకంగా బ్రా రూపొందించి దానికి తన అమ్మమ్మ పేరు పెట్టారు. మంచం మీద ఉన్న రోజుల్లో ఇవన్నీ చదివాను. వీళ్ళు మొదట చూసింది వేదికను కాదు, కోసి కుట్టిన ఒంటిని.

అంత దూరం వెళ్ళనక్కర లేదు. చికిత్స అయ్యి బడికి తిరిగి వెళ్ళిన కొత్తలో నేను జేబురుమాళ్ళు మడిచి పెట్టుకునేదాన్ని. నల్లబల్ల మీద రాయడానికి చెయ్యెత్తితే అవి పైకి జరిగేవి. పిల్లల వైపు తిరిగే ముందు బల్ల వైపే నిలబడి సర్దుకునేదాన్ని. అలా ఒక ఏడాది నడిచింది. తరువాత మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడకు ఎప్పటిలాగే ఆది జాకెట్టు ఇచ్చి కొత్త గుడ్డ చేతిలో పెట్టాను. ఆవిడ ఆది జాకెట్టు తిరిగి ఇచ్చేసి, ‘ఇది ఇంక వద్దు టీచర్ గారూ, మళ్ళీ కొలుద్దాం’ అని తలుపు దగ్గరగా వేశారు. కుడి పక్క ఒక కొలత, ఎడమ పక్క ఒక కొలత విడివిడిగా చీటీ మీద రాసుకున్నారు. హుక్కులు ముందుకు పెట్టారు. ఎడమ చంక, చెయ్యి అంగుళం వదులుగా కత్తిరించారు. పాత నూలు చీర ముక్కతో లోపల జేబు కుట్టి, నూలుతో అల్లిన గుండ్రటి మెత్త అందులో అమర్చారు. తేలికగా ఉండి పైకి జరుగుతోందని చెబితే, దాని అడుగున బరువుకు చిన్న గాజుపూసల మూట పెట్టారు. కుట్టుకూలి అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకున్నారు. ఆ రోజు నుంచి నేను చెయ్యి పూర్తిగా ఎత్తి నల్లబల్ల మీద రాశాను.

ఆవిడకు ఎవరూ నేర్పలేదు. నేర్పితే ఎంతమందికి వస్తుందో అధికారులు ఆలోచించాలి. ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి మహిళలకు కుట్టుమిషన్లు పంచుతున్నాయి, శిక్షణ తరగతులు పెడుతున్నాయి. ఆ తరగతుల్లో ఈ జాకెట్టుకు ఒక్క రోజు కేటాయించడానికి ఏ నిధులూ అక్కరలేదు. మన దేశంలో 2022లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీలు 1.92 లక్షల మంది అని అంతర్జాతీయ అంచనా. వీరిలో ఎందరో చీర కట్టేవారే. విదేశాల నుంచి వచ్చిన ఖరీదైన బ్రాలు వారి జాకెట్టు సమస్యను తీర్చవు. హైదరాబాదులో 1995 నుంచి జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ ఉంది. అక్కడి విద్యార్థులు ఇలాంటి నాలుగు నమూనాలు గీసి తెలుగులో అచ్చు వేయిస్తే, క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగే ప్రతి ఆస్పత్రిలో ఇంటికి పంపే కాగితాలతో పాటు ఇవ్వవచ్చు. మంగళగిరి నూలు గుడ్డ మన పక్కనే నేస్తున్నారు. ఆప్కో దుకాణాల్లో అలాంటి జాకెట్లు రెండు మూడు సైజుల్లో దొరికితే ఎంతమంది ఇబ్బంది తీరుతుంది! ఆ రోజు వేదిక మీద ఒక అధికారి నలభై నిమిషాలు అవగాహన గురించి మాట్లాడారు. ఇందులో ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. మేము చెబుదామంటే మాకు మైకు ఇవ్వలేదు.

వచ్చే ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, మళ్ళీ ప్రదర్శన పెడతామని నిర్వాహకులు చెబుతున్నారు. దానికి ఇంకా మూడు నెలల గడువు ఉంది. పన్నెండు మంది కొలతలు తీయడానికి ఒక పూట చాలు. మా వీధి ఆవిడను అడిగాను. టేపు, చీటీల పుస్తకం తెచ్చుకుని తానే వస్తానన్నారు. ఆవిడను పిలవవలసింది నిర్వాహకులు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా