పాత బండి కొన్నవారికి రీకాల్ కబురు చెప్పేదెవరు?

గౌరవనీయులైన రవాణా కమిషనర్ గారికి,

మూడు అర్జీలు పెట్టుకున్నాను, జవాబు రాలేదు. అందుకే అందరి ఎదుటా రాస్తున్నాను.

నిరుడు సెకండ్ హ్యాండ్‌లో ఏడు సీట్ల ఎస్‌యూవీ కొన్నాం. సంక్రాంతికి ఊరెళ్తూ ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. హ్యాండ్ బ్రేక్ లాగి, కొండవైపు గట్టుకు ఒరిపించి ఆపాను. పెడల్ తేలిగ్గా నొక్కేందుకు సాయపడే బ్రేక్ బూస్టర్‌లో లోపానికి కంపెనీ ఎప్పుడో రీకాల్ ప్రకటించిందట, అంటే బండ్లను వెనక్కి పిలిచి బాగుచేస్తామని. ఛాసిస్ నంబరు చూసి మెకానిక్ చెప్పాడు. రీకాల్ సంగతి తెలిపే ఉత్తరం పాత యజమాని ఇంటికే వెళ్లింది. అమ్మ ఇప్పటికీ కారెక్కదు.

లోపమున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 110ఎ సెక్షన్ కేంద్రానికిచ్చింది. ఆ కబురు రెండో యజమాని గుమ్మం తొక్కకపోతే ప్రయోజనమేమిటండీ?

యాజమాన్య బదిలీకి ముందే పెండింగ్ రీకాల్ తనిఖీ తప్పనిసరి చేయండి. మరమ్మతు జరిగిన రుజువు చూడనిదే ఆర్‌సీ మార్చవద్దని ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక వాహన యజమాని