మిల్లర్ కడిగే కుర్రోడికి ఎవరు చెప్పారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను భీమవరంలో చిన్న చిన్న ఇళ్ళు కట్టించే కాంట్రాక్టర్‌నండి. వానాకాలం వస్తే పేపర్లలో డ్రైన్లు పూడిపోయాయి, రోడ్లు మునిగాయి అని ఫోటోలు వస్తాయి కదా, ఆ పూడికలో మా వంతు కూడా ఉంది, అది ఒప్పుకుని రాస్తున్నా.

మొన్న జూన్‌లో ఓ ఇంటికి స్లాబ్ వేశాం. సాయంత్రం పనైపోయాక కుర్రోడు కాంక్రీట్ కలిపే మిల్లర్‌లో నాలుగు బకెట్ల నీళ్ళు పోసి, గుప్పెడు కంకర వేసి గిరగిరా తిప్పి, ఆ సిమెంటు పాలు మొత్తం రోడ్డు పక్క డ్రైన్‌లోకి వొంపేశాడు. నేను అక్కడే ఉండి టీ తాగుతున్నా, ఏమీ అనలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళుగా అలాగే చేస్తున్నాం. ఆ రాత్రి వాన దంచికొట్టింది, పొద్దున్న చూస్తే డ్రైన్ గోడకి ఆనించి పోసిన ఇసుక కుప్ప సగం లేదు. స్లాబ్ కింద బిగించే సెంట్రింగ్ షీట్లకి పూసిన కాలిన ఆయిల్ నీళ్ళమీద రంగురంగులుగా తేలుతోంది, రెండిళ్ళవతల తూము దగ్గర సిమెంటు గట్టిపడి రాయిలా కూర్చుంది.

వాననీళ్ళు అంటే మంచినీళ్ళే కదా అనుకుంటాం గానీ సైటు మీంచి పారిన వాననీళ్ళు ఎక్కడా శుద్ధి అవకుండా నేరుగా యనమదుర్రు లాంటి డ్రైన్లలోకో, గట్టు పక్క సైటైతే కాలవలోకో పోతాయి. ఇసుక అడుగున దిగిపోద్ది గానీ, మన ఒండ్రుమట్టి అంత తేలిగ్గా దిగదు, రోజుల తరబడి నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. సిమెంటు పాలైతే ఇంకా దారుణం, వాటి పీహెచ్, అంటే నీళ్ళలో క్షారం ఎంతుందో చెప్పే కొలత, 12 దాకా ఉంటుంది, మా ఊళ్ళో ఏ చేపల చెరువు రైతునైనా అడగండి, చెరువులో పీహెచ్ 9 దాటితేనే ఆయనకి నిద్ర పట్టదు.

మా మేనల్లుడు అమెరికాలో సివిల్ ఇంజినీరు. అక్కడ ఎకరం, ఆపైన ఉన్న సైట్‌ మీంచి పారే వాననీటికి పర్మిట్ తీసుకోవాలట, ఆ పనులు చూసేవాళ్ళకి పని మొదలెట్టకముందే ట్రైనింగ్ ఉండాలట, వారానికోసారో, లేదంటే రెండు వారాలకోసారీ పెద్ద వాన పడిన మర్నాడూ సైటంతా తిరిగి చూడాలట. మన దగ్గరా రూల్స్ లేకపోలేదు, 2016లో వచ్చిన కట్టడ వ్యర్థాల రూల్స్‌లోనే డ్రైన్లకి అడ్డం పడేలా కట్టడ వ్యర్థాలు పారెయ్యకూడదని రాశారు. కానీ ఆ కాగితం మిల్లర్ కుర్రోడి దాకా ఎప్పుడొచ్చిందండీ?

అక్కడి పద్ధతులన్నీ ఇక్కడ నప్పవు కూడా. మిల్లర్ కడగడానికి గొయ్యి తియ్యమంటారు, మా పల్లపు సైట్లలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళూరతాయి. అందుకని ఇసుక బస్తాలు చుట్టూ పేర్చి మధ్యలో టార్పాలిన్ పరిచి అందులో కడగాలి, రెండ్రోజులకి గట్టిపడ్డాక పగలగొట్టి ఫ్లోరింగ్ కింద ఫిల్లింగ్‌కి వాడుకోవచ్చు. ఇసుక కుప్ప డ్రైన్‌కి దూరంగా పోసి పైన పట్టా కప్పి చుట్టూ బస్తాలు పెట్టాలి, బుసకతో, అంటే సన్నటి ఇసుకమట్టితో, స్థలం మెరక చేసేటప్పుడు అంచు వెంట ముందే గట్టు వెయ్యాలి. కాలిన ఆయిల్ పూసిన షీట్లు వానలో వదిలెయ్యకూడదు. ఇంతే, అరగంటలో చెప్పేయొచ్చు.

అధికారుల్ని నేను అడిగేది ఒకటే, ఆ అరగంట హోటల్ మీటింగ్ హాల్లో ఇంజినీర్లకి స్లైడ్లు వేసి చెప్పకండి, పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర తాపీ మేస్త్రీలకీ, పార పట్టేవాళ్ళకీ, ట్రాక్టర్ డ్రైవర్లకీ మన మాటల్లోనే, చేసి చూపిస్తూ చెప్పండి. ఆ పూట కూలి పోకుండా చూడాలి, లేకపోతే ఎవరూ నిలబడరు. దానికి డబ్బెక్కడిదంటే, కట్టుబడి ఖర్చు మీద సెస్సు కార్మికుల సంక్షేమం పేరుతోనే కడుతున్నాంగా, అందులోంచి ఇవ్వొచ్చు. ప్లాన్ అప్రూవల్ ఇచ్చేటప్పుడే మా కాంట్రాక్టర్లకి కూడా ఒక క్లాసు పెట్టండి, నాకైతే అవసరమే.

పోయిన వారం ఇంకో స్లాబ్ వేశాం. ఈసారి బస్తాలు పేర్చి పట్టా పరిచి అదే కుర్రోడికి చూపించా. ఒక్కసారి చూసి చేసేశాడు, చేసి, "ఇంతేనా, ముందే చెప్పాల్సిందండీ" అన్నాడు.

ఇట్లు,
ఓ ఇళ్ళ కాంట్రాక్టర్,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా