తొమ్మిది ట్యాంకర్లను వెనక్కి తెమ్మంటున్నాను

చిత్తూరులో మా షెడ్డుకొచ్చి పాల ట్యాంకర్ బాడీ కట్టించుకున్న వాళ్ళందరికీ నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. పోయిన ఏడాది దీపావళి నుంచి ఈ ఉగాది దాకా మా షెడ్డు నుంచి తొమ్మిది ట్యాంకర్లు బయటికి వెళ్ళాయి. వాటి లోపలి ట్యాంకుకు వేసిన స్టీలు, బిల్లులో నేను రాసిచ్చిన 304 గ్రేడు కాదు. ఒక బండి కారింది. మిగతా ఎనిమిది ఇంకా కారలేదు. అయినా తొమ్మిదింటినీ తీసుకురమ్మంటున్నాను. బయటి రేకు కోసి, తప్పు రేకులు తీసేసి, సరైనవి వేసిస్తాను. పైసా మీరు పెట్టొద్దు.

మొదట తెలిసింది పుంగనూరు వైపు తిరిగే పదివేల లీటర్ల బండితో. పాలు దించేటప్పుడు రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని డెయిరీవాళ్ళు రెండు వారాలుగా అంటున్నారట. మ్యాన్‌హోల్ మూత రబ్బరు పోయి ఉంటుందిలే అని నేనే తేలిగ్గా తీసుకున్నాను. ఆ తర్వాత డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, బండి కడిగినాక వెనక చక్రాలపైన అతుకు దగ్గర బొట్టు బొట్టుగా కారతా ఉంది. నీళ్ళు కాదన్నా, పుల్లటి వాసన వస్తా ఉంది." ఆ మాటతో నా కడుపులో చల్లబడింది. ఆ వాసనకు అర్థం ఏమిటో నాకు తెలుసు. మరుసటి రోజు పొద్దున్నే గ్రైండర్ పెట్టి బయటి రేకు కోశాం. లోపల పఫ్, అంటే చల్లదనం నిలవడానికి రెండు రేకుల మధ్య పోసే నురుగు, ముద్దగా తడిసి ఉంది. పిండితే పులిసిన పాలు కారాయి. లోపలి ట్యాంకు అడుగున, వెల్డింగు అతుకు పక్కనే వేలెడు వెడల్పున గోధుమరంగు చార, అందులో సూదిమొనంత రంధ్రాలు. ఏడాది కూడా నిండని బండి అది.

నేను షెడ్డు పెట్టకముందు పదకొండేళ్ళు ఓడల మరమ్మతు పనిలో వెల్డరునని మీకందరికీ తెలుసు. మొదట విశాఖలో, తర్వాత గల్ఫ్ డ్రైడాకుల్లో. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన జిడ్డును కుర్రాళ్ళు బకెట్లతో తోడుతుంటే టీవీలో చూసి, "మీరు చేసింది ఇలాంటి ఓడల్లోనేనా?" అని షెడ్డులో అందరూ అడిగారు. అప్పటి నుంచి బండి ఆర్డరు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను ఓడ కథ చెబుతూ వచ్చాను. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ బ్లై రీఫ్ రాళ్ళను ఎక్కి, దాదాపు 37 వేల టన్నుల ముడిచమురును సముద్రంలో వదిలింది. అది ఒంటి పొర ఓడ. మరుసటి ఏడాదే అమెరికా చట్టం చేసింది. 1992లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, ఓడల వల్ల సముద్రం పాడవకుండా పెట్టిన మార్‌పోల్ నిబంధనలు మార్చి, 1996 జూలై నుంచి చేతికొచ్చే పెద్ద చమురు ఓడలన్నిటికీ రెండు పొరలు గానీ, అంత రక్షణ ఇచ్చే వేరే కట్టుబడి గానీ ఉండి తీరాలంది. పొరల మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ, బాగా పెద్ద ఓడలకైతే రెండు మీటర్లు. బయటి పొర చిరిగినా లోపలిది ఆపుతుంది. "మన బండి కూడా అంతే, రెండు పొరలు" అని చెప్పి మీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను.

ఆ కథలో మిగతా సగం మీకు చెప్పలేదు. ఈ పది రోజులుగా నన్ను తినేస్తున్నది అదే.

చమురు ఓడలో ఆ రెండు పొరల మధ్య జాగాలోనే బ్యాలస్ట్ నీళ్ళు, అంటే ఖాళీ ఓడ నిలకడగా ఉండటానికి బరువుగా ఎక్కించే నీళ్ళు, నింపుతారు. సరుకు దించి ఓడ ఖాళీ అయితే ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు, సరుకు ఎక్కితే తోడేస్తారు. తడి, ఉప్పు, చీకటి, మళ్ళీ గాలి. దానికి తోడు రెండు పొరల ఓడలో లోపలి చమురు వేడి ఫ్లాస్కులో కాఫీలాగా నిలిచి ఉంటుంది. ఆ వేడికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. రంగు వేయాల్సిన గోడలు ఒంటి పొర ఓడ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లోపలి పొరలో వెంట్రుకంత పగులు వచ్చినా చమురు ఆ ఖాళీలోకి చెమరుస్తుంది, గ్యాసు నిండుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బయట నిలబడి చూసేవాడికి కొత్త పెయింటు తప్ప ఏమీ కనిపించదు. అందుకే ఆ ఖాళీలోకి మనిషి దిగాలని నిబంధన. ముందు గ్యాసు పరీక్ష, తర్వాత మ్యాన్‌హోల్‌లోంచి దిగి, పాకుతూ పోయి, సుత్తితో తట్టి, రేకు మందం కొలవాలి, దాన్నే గేజింగు అంటాం. అయిదేళ్ళకోసారి పెద్ద సర్వే, మధ్యలో చిన్నవి. బ్యాలస్ట్ ట్యాంకు పెయింటు 15 ఏళ్ళు నిలవాలని 2006లో ప్రత్యేకంగా ప్రమాణం కూడా పెట్టారు. 1999 డిసెంబరులో ఫ్రాన్స్ తీరం దగ్గర ఎరికా అనే ఓడ రెండు ముక్కలైంది. 1975లో కట్టిన ఒంటి పొర ఓడ. లోపలి ఇనుము తుప్పుతో బలహీనపడిందన్న సంగతి తుఫానులో బయటపడింది. దాదాపు 20 వేల టన్నుల నల్లనూనె సముద్రం పాలైంది.

ఇవన్నీ తెలిసిన నేను మీ బండ్లలో ఏం చేశాను? రెండు పొరల మధ్య పఫ్ పోసి, చుట్టూ వెల్డింగు చేసి, పాలిష్ పెట్టి ఇచ్చాను. ఓడలో మనిషి దూరే సందు ఉంటుంది. మన బండిలో వేలు దూరే సందు కూడా నేను ఉంచలేదు. బండి నున్నగా ఉండాలని మీరు అడిగారు, నిజమే. వద్దని చెప్పాల్సినవాణ్ణి నేను.

ఇక స్టీలు సంగతి. తొమ్మిదేళ్ళుగా ఒక్క వ్యాపారి దగ్గరే రేకు కొంటున్నాను. పేరు చెప్పను, అడగొద్దు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో నా పక్కన కూర్చుని భోంచేసిన మనిషి. దీపావళికి ముందు ఒకే లాటులో పెద్ద సరుకు దించాడు. హీట్ నంబరుతో (స్టీలు ఏ పోతలోదో చెప్పే నంబరు) సహా మిల్లు సర్టిఫికెట్ ఇచ్చాడు. అయస్కాంతం పెట్టి చూశాం, అంటలేదు, సరే అనుకున్నాం. 304కూ అయస్కాంతం అంటదు, దానికన్నా చవకైన 202 గ్రేడుకూ అంటదు. పాలిష్ పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి. 304లో నికెల్ కనీసం 8 శాతం ఉంటుంది. నికెల్ ఖరీదు కాబట్టి 202లో దాన్ని సగానికి తగ్గించి మాంగనీసు పెంచుతారు. గేటుకో, మెట్ల రెయిలింగుకో అది చాలు. రోజూ వేడి కాస్టిక్‌తో, తర్వాత యాసిడ్‌తో, చివర క్లోరిన్ నీళ్ళతో కడిగే పాల ట్యాంకుకు చాలదు. అందులోనూ వెల్డింగు పక్కన అసలు నిలవదు. కారిన బండి ముక్క కోసి శ్రీపెరుంబుదూరులో ల్యాబుకు పట్టుకెళ్ళాను. లోహంలో ఏమేముందో చూపించే గన్ పెట్టగానే స్క్రీన్ మీద నికెల్ 4 చిల్లర, మాంగనీసు 9. ఆ ల్యాబు కుర్రాడు నా మొహం చూసి కుర్చీ వేశాడు. సర్టిఫికెట్ మీద హీట్ నంబరు నిజమైనదేనట, కాకపోతే వేరే సరుకుది.

ఫోన్ చేస్తే ఆ వ్యాపారి అన్న మాట ఇది: "అన్నా, ఈ రోజుల్లో అందరూ అదే వాడుతున్నారు. మీకే పట్టింపు ఎక్కువ." తొమ్మిదేళ్ళలో ఒక్క చెక్కు ఆలస్యం చేయలేదు నేను. రెండు రోజుల తర్వాత మనిషిని పంపించి, సగం డబ్బు వెనక్కి ఇస్తాను, గ్రేడు తప్పని కాగితం మీద మాత్రం రాయను అన్నాడు. రాయకపోతే ఆ డబ్బు నాకొద్దన్నాను. ఈ కష్టంలో అది తీసుకోవాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. ఆమె లెక్క తప్పు కాదు. నేను మాత్రం తీసుకోను.

అలాగని తప్పంతా అతని నెత్తిన వేయను. ఓడ పనిలో ప్రతి ప్లేటు మీద హీట్ నంబరు గుద్ది ఉంటుంది. సర్వేయర్ దాన్ని సర్టిఫికెట్‌తో సరిచూశాకే కటింగ్ టార్చి వెలిగించేవాళ్ళం. ఇక్కడ నేను ఒక్క ముక్క పరీక్షకు పంపినా చాలేది. తొమ్మిదేళ్ళ నమ్మకమని ఊరుకున్నాను.

కారిన బండిని బాగుచేయాలన్నది ఆలోచించే పనే కాదు. మిగతా ఎనిమిదింటి దగ్గర ఆగిపోయాను. ల్యాబు మనిషిని తీసుకెళ్ళి, సర్వీసింగు పేరు చెప్పి రెండు బండ్లలో మ్యాన్‌హోల్‌లోంచి గన్ పెట్టించాను. అదే 202. ఆ ఓనర్లిద్దరికీ ఆ రోజు నిజం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, క్షమించండి. లెక్కలు చూసే మా బావమరిది, "కారిన రోజు చూసుకుందాం బావా, కొన్ని అయిదేళ్ళయినా కారకపోవచ్చు" అన్నాడు. అదీ నిజమే. ఒక్కో బండికి నాలుగు లక్షల పైమాట. తొమ్మిదంటే ఈ షెడ్డు రెండేళ్ళ మిగులు. మూడు రాత్రులు నిద్ర లేదు. మూడో రాత్రి బెంగళూరు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కూర్చుని పోయే ట్యాంకర్లను చూస్తూ ఉన్నాను. మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే పది టన్నుల పాలు ఒక్కసారి ముందుకొచ్చి బాఫిల్ ప్లేటును, అంటే పాలు ఊగకుండా ట్యాంకులో అడ్డంగా పెట్టే రేకును, గుద్దుతాయి. ఆ దెబ్బంతా ప్లేటు అంచు వెల్డింగు మీద పడుతుంది. నేను చూసిన చారలు సరిగ్గా అలాంటి అతుకు పక్కనే ఉన్నాయి.

అప్పుడే గల్ఫ్‌లో జరిగింది ఒకటి గుర్తొచ్చింది. ఒక ఓడలో, "ఈ ట్యాంకు పోయినసారి బాగానే ఉంది, గేజింగు వదిలేయండి, టైం లేదు" అన్నారు. మా ఫోర్‌మన్ మలబారు ముసలాయన. ఏమీ మాట్లాడకుండా టార్చి తీసుకుని దిగాడు. గంట తర్వాత వచ్చి నన్ను దింపాడు. లోపలి పొర మీద, స్టిఫనర్ (రేకుకు బలమిచ్చే పట్టీ) మొదట్లో జానెడు పగులు. దాని అంచు వెంబడి చమురు చెమటలా మెరుస్తోంది. ఆ చోట వెల్డింగు చేయడానికి నాలుగు రోజులు గ్యాసు తోడాల్సి వచ్చింది. ఆయన ఆ రోజు దిగకపోతే ఆ ఓడ అలాగే సరుకెక్కించుకుని పోయేది.

టీ కొట్టు దగ్గర నుంచే బావమరిదికి ఫోన్ చేసి, ఎనిమిదీ విప్పుతున్నామని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే బావా, బ్యాంకుకు రేపు పోదాం" అన్నాడు.

మొగిలి ఘాట్ మీద తిరిగే మూడు బండ్లు ముందు. మిగతావి డెలివరీ తేదీ ప్రకారం. ఒక్కో బండికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులకు బదులు బండి అద్దెకు తెచ్చిస్తాను. నాకు దొరికినవి రెండే కాబట్టి ఒకేసారి అందరూ రావొద్దు. దీపావళికి ముందు కట్టిన బండ్లు వేరే లాట్ల రేకువి. వాటిలో రెండింటిని పరీక్ష చేయించాను, సరిగ్గానే ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్ళు నెలలో మొదటి ఆదివారం రండి, ల్యాబు మనిషి గన్‌తో షెడ్డులోనే ఉంటాడు. బుకింగు అయిన బండ్ల రేటు పెంచను.

ఇక మీదట కట్టే ప్రతి బండిలో మూడు మార్పులు. ప్రతి లాటు రేకునూ కోయకముందే పరీక్ష, కావాలంటే మీ కళ్ళ ముందే. హీట్ నంబరు మ్యాన్‌హోల్ కాలరు మీద గుద్ది ఉంటుంది. రెండోది, లోపలి అతుకులన్నిటికీ డై టెస్టు, అంటే రంగు పూసి పగుళ్ళు పట్టే పరీక్ష. మూడోది కొందరికి నచ్చదు: బయటి రేకు అడుగున రెండు చోట్ల బోల్టులతో బిగించే కిటికీ మూతలు, వాటి మధ్య ఒక డ్రెయిన్ ప్లగ్గు. ఆ చోట పఫ్ పోయం, తీసి పెట్టుకునే దిమ్మ ఉంటుంది. ఆరు నెలలకోసారి మూత తీసి, చెయ్యి పెట్టి తడి ఉందో లేదో చూడాలి. అందం పోతుందని, మూత దగ్గర చల్లదనం కాస్త తగ్గుతుందని ఇప్పటికే ఇద్దరు అన్నారు. కాస్త తగ్గుతుంది, దాచను. మూతలు వద్దనుకునేవాళ్ళు దయచేసి వేరే షెడ్డు చూసుకోండి. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

ఇంకో షెడ్డు దగ్గర, "ఓడ కథలు చెప్పి పాల బండ్లు అంటగట్టాడు, రెండు పొరలూ దండగే" అంటున్నారని తెలిసింది. ఆ మాట నొప్పించింది. రెండు పొరలుంటే ఏమీ కాదని ఓడ కట్టినవాళ్ళూ అనలేదు. 2018 జనవరిలో తూర్పు చైనా సముద్రంలో గుద్దుకుని మండిపోయిన సాంచీ రెండు పొరల ఓడే, అప్పటికి పదేళ్ళది. అందులోని 32 మందీ పోయారు. 2009లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఎస్‌కేఎస్ సటిల్లా అనే ఓడ, నీళ్ళలో మునిగి ఉన్న రిగ్గును ఢీకొంది. పక్క చిరిగింది, సరుకు చుక్క కూడా సముద్రంలో పడలేదు. రెండూ నిజమే. రెండో పొర పనికొస్తుంది, మధ్యలోకి చూసే దారి ఉన్నంతవరకు. ఆ దారి పెట్టకపోవడం నా తప్పు. పొరలు తగ్గించి చవగ్గా మాత్రం కట్టను.

పుంగనూరు బండికి కొత్త రేకు వేసేశాం. పఫ్ ఇంకా పోయలేదు, అతుకులన్నీ కనిపిస్తున్నాయి. శుక్రవారం సాయంత్రం దాకా అలాగే ఉంచుతాను. వచ్చి చూడండి, టార్చి తెచ్చుకోండి, లోపల చీకటిగా ఉంటుంది.